నిదానమే ప్రధానము

జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు వినగానే తెలుగు చదివినవారికి ముందుగా స్ఫురించునది పాల్కురికి సోమనాథుడు. తక్కిన కవులు సంస్కృత సమాసములు నిండిన చంపూమార్గమున నడచుచుండగా ఆయన జానుతెనుగును, ద్విపదను చేపట్టి, శాస్త్రము చదువనివాని చెవికి సైతము కావ్యమును చేర్చినాడు. అదే మండలములోని బమ్మెర పోతన పేరుతో ప్రసిద్ధికెక్కినది. ఈ రెండు పేర్లకును కంప్యూటరు మరమ్మతునకును సంబంధమేమని పాఠకులు శంకింపవచ్చును.

సంబంధము లేకపోలేదు. లినక్స్ అను నిర్వహణ వ్యవస్థతో నడచు కంప్యూటర్లలో తెలుగును చూపుటకు అమర్చుకొనదగిన ఫాంట్లలో, అనగా అక్షరరూపముల కూర్పులలో, ఒకదాని పేరు ‘పోతన-2000’; మరియొకదాని పేరు ‘వేమన-2000’. తిరుమల కృష్ణ దేశికాచార్యులు వానిని రూపొందించి, ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పదుగురికి పంచవచ్చును అను ఒడంబడికతో లోకమునకు విడిచిరి. కృతిని రాజులకు అమ్ముకొననివాడని పేరొందిన కవి పేరు, వెల లేక పంచబడు అక్షరములకు అమరుట సముచితముగనే యున్నది.

ఇక అసలు సంగతికి వత్తము. పాలకుర్తి వంటి మండల కేంద్రములో ఒక ఉన్నత పాఠశాల కలదనుకొందము. అందులో ఒక మూల గది. ఆ గదిలో ఆరు కంప్యూటర్లు. రెండు ఏనాడో ఒక పథకము క్రింద వచ్చినవి. ఒకటి పూర్వవిద్యార్థి బహూకరించినది. ఒకటి ఏదో కార్యాలయము తన పాతవానిని మార్చుకొన్నప్పుడు ఇచ్చినది. తక్కిన రెండును పట్టణమునుండి విడిభాగములు తెచ్చి కూర్చినవి. ఏ రెండును ఒక్క తీరున లేవు. మూడు నడచుచున్నవి, మూడు నడచుట లేదు. “సార్, గిది ఖరాబయింది” అని ఒక విద్యార్థి చెప్పును. ఆ మాటతో యంత్రముపై గుడ్డ కప్పబడును. కొన్నాళ్లకు గదికి తాళము పడును.

‘ఖరాబయింది’ అనునది తీర్పు, కారణము కాదు. “ఏమి ఖరాబైనది? ఎప్పటినుండి? ఎట్లు తెలిసినది?” అను ప్రశ్నలు అడుగువాడు లేనందుననే పెక్కు యంత్రములు ఆయువు తీరకముందే అటక నెక్కుచున్నవి. ఈ ప్రశ్నకు నేడు తొందర కూడ ఏర్పడినది. విండోస్-10 అను వ్యవస్థకు దాని తయారీదారులు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును నిలిపివేసిరి. దాని తరువాతి వ్యవస్థ యంత్రములో నిర్దిష్టమైన ప్రాసెసరును, టీపీఎం-2.0 అను భద్రతాభాగమును కోరును. అవి లేని యంత్రములు, భౌతికముగా దృఢముగనే యున్నను, పాతసామాను లెక్కలో పడుచున్నవి. వానిని పారవేయవలెనా, లినక్స్‌తో నడుపుకొనవలెనా అన్నది ప్రతి పాఠశాలయు ఆలోచింపవలసిన విషయము. నడుపుకొనవలెనన్నచో దోషమును కనిపెట్టు విద్య కొంత అలవడవలెను.

తెలుగులో ‘నిదానము’ అను మాటకు రెండర్థములు కలవు. ఆయుర్వేదమున అది రోగకారణ నిర్ణయము. మాధవ నిదానమను గ్రంథము అందుకే ప్రసిద్ధము. వ్యవహారమున అది తొందరపడకుండుట. నిదానమే ప్రధానమను సామెతలో ఉన్నది రెండవ అర్థము. కంప్యూటరు వైద్యమున ఈ రెండర్థములును ఒక్కటియే యగును.

దుబాసుల కొలువు

లినక్స్ జన్మవృత్తాంతము సంగ్రహముగా తెలియుట మేలు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా దేశీయుడు, అందరును చదువగల, మార్చగల, పంచుకొనగల నిర్వహణ వ్యవస్థను నిర్మింపవలెనని ‘గ్నూ’ అను ఉద్యమమును ప్రకటించినాడు. 1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచున్న 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, తాను ఒక చిన్న వ్యవస్థను వ్రాయుచున్నానని తెలియజేసినాడు. వ్యవస్థకు నడిమి గింజ వంటిదైన ఆ కెర్నలే లినక్స్. 1992లో అది గ్నూ వారి లైసెన్సు క్రిందికి వచ్చినది. ఆ గింజ చుట్టును తక్కిన కార్యక్రమములను కూర్చి డెబియన్, ఉబుంటు మున్నగు పేర్లతో పలువురు వెలువరించిరి. మన దేశమున సీ-డాక్ వారు ‘బాస్’ అను వ్యవస్థను 2007లో విడుదల చేసిరి. తెలుగువారిలో 2005లో హైదరాబాదు కేంద్రముగా బయలుదేరిన ‘స్వేచ్ఛ’ సంస్థ, మెనూలు మొదలు సూచనల వరకు తెలుగులో కనబడు లినక్స్‌ను సిద్ధపరచుటకు పూనుకొన్నది. ఇంగ్లీషు రానివాడు కంప్యూటరు ముందు తల వంచుకొనరాదన్నది వారి తలపు. జానుతెనుగు ఎన్నుకొన్న కవి తలపును అటువంటిదే.

ఇంతటి వ్యవస్థ పాఠశాలలోని ఆరు యంత్రములలో ఆరు విధములుగా ఏల తడబడవలెను? కారణము పర్సనల్ కంప్యూటరు పుట్టుకలోనే యున్నది. 1981లో ఐబీఎం వారు వెలువరించిన పీసీ, పలువురు తయారుచేసిన భాగములను కూర్చి కట్టినది. ఆ మార్గమున నడచిన యంత్రములన్నియు అట్టివే. తెర బొమ్మను గీయు భాగము ఒకరిది, ధ్వని భాగము వేరొకరిది, వైఫై మరియొకరిది. ప్రతి భాగమునకును కెర్నలునకును నడుమ దుబాసి వంటి ‘డ్రైవరు’ అను కార్యక్రమము కావలెను. దుబాసి ఉన్నచో సంభాషణ సాగును. లేనిచో పరికరము బాగుగనే యున్నను మూగవలె పడియుండును.

కొన్ని పరికరములకు దుబాసి మాత్రమును చాలదు. అనేక వైఫై కార్డులు, విద్యుత్తు తగిలిన పిదప, తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్ అను ఫైలును తమలోనికి ఎక్కించిన గాని పనిచేయవు. ఆ ఫైళ్లలో పెక్కు స్వేచ్ఛగా మార్చుటకు వీలుకానివి. కావున డెబియన్ వారు చిరకాలము వానిని తమ అధికారిక ప్రతినుండి వేరుగా ఉంచిరి. నెట్టు కావలెనన్న ఫర్మ్‌వేర్ కావలెను. ఫర్మ్‌వేర్ తెచ్చుకొనవలెనన్న నెట్టు కావలెను. క్రొత్తవారు ఈ చిక్కులో పడి ‘లినక్స్ పనికిరాదు’ అని లేచిపోవుట కద్దు. 2022లో డెబియన్ సభ్యులు వోటు వేసి, అట్టి ఫైళ్లను స్థాపన ప్రతిలో చేర్చుటకు నిర్ణయించిరి; 2023 జూన్‌లో వెలువడిన 12వ డెబియన్ ఆ ప్రకారము వచ్చినది. పాత పద్ధతి ప్రకారము వ్రాసిన సలహాలు నేటి యంత్రమునకు సరిపడకపోవుట ఇందువలననే. మందుసీసాపై తేదీ చూచినట్లు సలహాపై తేదీ చూడవలెను.

యంత్రము వ్రాసికొను దినచర్య

లినక్స్ వ్యవస్థకు గల గొప్ప గుణము, అది తన బాధను దాచుకొనకుండుట. మేల్కొన్న క్షణమునుండి కెర్నల్ తాను చూచినదెల్ల వరుసగా వ్రాసికొనును. ‘డీమెసేజ్’ అను ఆజ్ఞ ఆ వ్రాతను తెరపై పరచును. ప్రతి పంక్తికి ముందు, యంత్రము మేల్కొన్న ఎన్ని సెకండ్లకు ఆ సంగతి జరిగినదో అంకె కనబడును. తక్కిన సేవల వృత్తాంతమును ‘జర్నల్ సీటీఎల్’ చూపును. లోపల ఏ భాగములున్నవో ‘ఎల్ఎస్ పీసీఐ’, ‘ఎల్ఎస్ యూఎస్‌బీ’ అను ఆజ్ఞలు జాబితాగా ఇచ్చును. ఇవి ఇంగ్లీషులో నుండుట నిజము. కాని పదిరోజులు చదివిన విద్యార్థికి ‘ఎర్రర్’, ‘ఫెయిల్డ్’, ‘టైమవుట్’ అను మాటలు కంటికి తగులుట అలవడును.

చదువుటలో ఒక మెలకువ కలదు. చివరి తప్పును గాక మొదటి తప్పును పట్టుకొనవలెను. ఒక సేవ పడిపోగా దానినాశ్రయించిన పది సేవలు పడును. పది ఫిర్యాదులు తెరను నింపును. ప్రతిలో ఒక పాదము జారిపోయినచో తరువాతి పాదములన్నిటను యతిప్రాసలు చెడినట్లు తోచును గదా! పరిష్కర్త మొదట తప్పిన చోటును వెదకును. ఇక్కడను అంతియే.

రెండవ మెలకువ, ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. నాలుగు మార్పులు ఒక్కుమ్మడిగా చేసి బాగైనదని సంతసించినవానికి, దేనివలన బాగైనదో తెలియదు. మరునాడు మరల చెడినచో మొదటికే వచ్చును.

పాఠశాలలలో తరచు ఎదురగు కొన్ని లక్షణములను చూతము.

యంత్రము ప్రతి ఉదయమును ఏనాటిదో పాత తేదీని చూపుచున్నది. వెబ్ పుటలు తెరువబోగా సురక్షితము కాదను హెచ్చరిక వచ్చుచున్నది. తొందరపడినవాడు బ్రౌజరును తీసి మరల ఎక్కించును. నిదానించినవాడు తేదీని గమనించును. సురక్షితమైన ప్రతి పుటకును ఒక ధ్రువపత్రము, దానికి చెల్లుబాటు గడువు ఉండును. యంత్రము తాను గతకాలములో నున్నానని భ్రమించినచో ఆ పత్రము ఇంకను పుట్టనే లేదని తలచి త్రోసిపుచ్చును. దీనికి మూలము మదర్‌బోర్డుపై నుండు సీఆర్-2032 అను నాణెమంత బ్యాటరీ. 3 వోల్టుల ఆ బ్యాటరీ నీరసించినచో, కరెంటు తీసినంతనే గడియారము మతి తప్పును. నెట్టునుండి కాలమును సరిదిద్దు సేవ కూడ ఆగియున్నచో పైలక్షణము కనబడును. బ్యాటరీ మార్చుటయే చికిత్స.

మరియొక యంత్రములో లినక్స్ గుర్తు కనబడి వెంటనే తెర నల్లబడును. కాని లోపల ఫ్యాను తిరుగుచున్నది, డిస్కు దీపము మిణుకుచున్నది. అనగా యంత్రము బ్రతికియే యున్నది. తెరను గీయు దుబాసితో పొత్తు కుదురలేదు. ఆరంభపు మెనూలో కెర్నల్ పంక్తి చివర ‘నోమోడ్‌సెట్’ అను మాటను చేర్చి చూచినచో, కెర్నల్ ఆ ప్రత్యేక దుబాసిని పిలువక సాదా మార్గమున తెరను చూపును. తెర వచ్చినచో దోషము ఎచ్చటనో తేలినది. అయితే ఇది పరీక్షయే కాని చికిత్స కాదు. పిదప ఆ గ్రాఫిక్స్ భాగమునకు తగిన డ్రైవరును ఎక్కించి ఆ మాటను తొలగింపవలెను.

వేరొకటి ఒకనాడు బ్రౌజరులో, మరియొకనాడు బొమ్మలు గీయుచుండగా, ఇంకొకనాడు ఏమియు చేయకుండగనే బిగుసుకొనును. తీరు లేకపోవుటయే ఇచట ఆనవాలు. ఏ ఒక్క కార్యక్రమముదో తప్పైనచో అది ప్రతిసారి అచ్చటనే తప్పును. చోటు మార్చి మార్చి తప్పినప్పుడు మెమరీని అనుమానింపవలెను. మెమ్‌టెస్ట్-86+ అను పరీక్షను రాత్రియంతయు నడిపి, ఉదయము ఎర్ర పంక్తులున్నవేమో చూడవలెను. ఉన్నచో ప్లగ్గు తీసి, రెండు మెమరీ పలకలలో ఒకదానిని తొలగించి మరల పరీక్షించిన దోషి ఎవరో తెలియును.

ఫైళ్లు తెరుచుటకు నిమిషములు పట్టుచు, డిస్కు టకటకమని మ్రోగుచున్నచో ఆలస్యము చేయరాదు. ‘స్మార్ట్ సీటీఎల్’ అను సాధనము డిస్కు తన ఆరోగ్యమును గూర్చి తానే వ్రాసికొన్న లెక్కను చూపును. చెడి, మార్పిడి చేయబడిన భాగముల సంఖ్య దినదినము పెరుగుచున్నచో ఆ డిస్కు మరణశయ్యపై నున్నదని అర్థము. ముందుగా పిల్లల వ్రాతలను వేరొకచోటికి నకలు తీయవలెను, మరమ్మతు తరువాత. ఈ వరుస తారుమారైనచో యంత్రము దక్కినను శ్రమ దక్కదు.

తెలుగు ఉపాధ్యాయులకు నేరుగా తగులునది అక్షరముల వ్యాధి. తెలుగు కనబడుట లేదను ఒక్క ఫిర్యాదులో మూడు రోగములు దాగియుండును. అక్షరముల స్థానమున ఖాళీ గళ్లు కనబడినచో ఫాంటు లేదు. పోతన వంటి ఫాంటును ఎక్కించిన చాలును. డెబియన్‌లో ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అను ప్యాకేజీ దానిని తెచ్చును. అక్షరములు వచ్చియు, వత్తులు విడిపోయి, గుణింతపు గుర్తుల ప్రక్క చుక్కల వలయము కనబడినచో, ఫాంటు తప్పు కాకపోవచ్చును. యూనికోడ్‌లో ‘క్ష’ ఒక సంకేతము కాదు. ‘క’, పొల్లు, ‘ష’ అను మూడు సంకేతముల వరుస. వానిని కలిపి ఒక రూపముగా తీర్చు పని వేరొక కార్యక్రమముది. ఆ కార్యక్రమము పాతదైనను, టైపు చేసినవాడు వరుస తప్పినను రూపము చెదరును. ఇక, తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములు, అర్థము లేని గుర్తులు వరుసగా కనబడినచో, అది యూనికోడ్ రాకముందటి డీటీపీ ఫాంటుతో కూర్చిన ఫైలు కావచ్చును. దానికి క్రొత్త ఫాంటు మందు కాదు. సంకేతములనే యూనికోడ్‌లోనికి మార్చవలెను. మూడింటికి మూడు చికిత్సలు. నిదానము లేక ఫాంట్లపై ఫాంట్లు ఎక్కించుట, జ్వరమేదో తెలియక మందులన్నియు మ్రింగించుటయే.

శ్రుతి చేయుట

యంత్రము నడచిన పిమ్మట, చక్కగా నడచుట ఎట్లను ప్రశ్న వచ్చును. వీణను వాయించుటకు ముందు శ్రుతి చేయుదురు. కాని శ్రుతి చేయువాడు ముందుగా వినును. విననిదే బిరడ త్రిప్పినవాడు తంత్రిని తెంచును. కొలువనిదే మార్చరాదన్నది ఇచటి నియమము.

‘ఫ్రీ’ అను ఆజ్ఞ మెమరీ లెక్కను చూపును. ఖాళీ గడిలో స్వల్పమైన అంకె కనబడగా పలువురు భీతిల్లుదురు. నిజమునకు లినక్స్, వాడుకలో లేని మెమరీని ఊరక ఉంచక, డిస్కునుండి చదివినదానిని అందులో దాచియుంచును. అవసరము వచ్చిన వెంటనే విడుచును. కావున చూడవలసినది ‘అవైలబుల్’ అను గడి. అది చిక్కిపోయి, మెమరీకి మారుగా డిస్కును వాడు ‘స్వాప్’ నిరంతరము కదలుచున్నప్పుడే కొరత కలదని నిర్ణయింపవలెను.

కొరత నిజమైనచో ఉపాయములు కలవు. ఆడంబరమైన తెరవ్యవస్థకు బదులు ఎక్స్ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ వంటి తేలికపాటిదానిని అమర్చవచ్చును. మెమరీలోనే కొంతభాగమును కుదించి స్వాప్‌గా వాడు ‘జెడ్‌ర్యామ్’ ఏర్పాటు చేయవచ్చును. స్వాప్‌వైపు మొగ్గును నిర్ణయించు ‘స్వాపీనెస్’ అంకె సాధారణముగా 60. దానిని మార్చి, అదే పనిని మరల చేయించి, కాలమును పోల్చి చూడవచ్చును. అయితే ఆధునిక బ్రౌజరులో ఇరువది పుటలు తెరచి, స్వాపీనెస్ మార్చి ఫలము లేదనుట న్యాయము కాదు.

శ్రుతి తప్పుటకు కారణము పెక్కుసార్లు లోపలి అంకెలలో గాక బయటి దుమ్ములో ఉండును. ప్రాసెసరు వేడెక్కినచో తనను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. ‘సెన్సార్స్’ అను ఆజ్ఞతో ఉష్ణోగ్రతను చూచి, ఫ్యాను రెక్కల దుమ్మును తుడిచి, మరల చూచినచో భేదము అంకెలలోనే కనబడును. అట్లే, నిమిషమునకు 5400 లేక 7200 సార్లు తిరుగు పళ్లెముల డిస్కు స్థానమున, తిరుగుడు లేని ఎస్ఎస్‌డీ పెట్టినచో పాత యంత్రమునకు వచ్చు చురుకుదనము ఎన్ని అమరికలు మార్చినను రాదు. ఉన్న కొద్ది ధనమును ఎచట వెచ్చింపవలెనో చెప్పుటయు నిదానమే.

అవధి, ఆశ

ప్రతి యంత్రమును బ్రతికింపవచ్చునని చెప్పుట సత్యము కాదు. టోర్వాల్డ్స్ తన తొలి కెర్నలును వ్రాసినది 386 జాతి ప్రాసెసరుపై. ఆ జాతికి మద్దతును 2012 డిసెంబరులో తొలగింప నిర్ణయించిరి. 2013లో వెలువడిన 3.8వ కెర్నల్ నుండి అది లేదు. పుట్టింటినే విడువవలసి వచ్చినది. 2025 ఆగస్టులో వచ్చిన 13వ డెబియన్‌లో 32-బిట్ పీసీలకు స్థాపన ప్రతి లేదు. కావున ఆరు యంత్రములలో ఏది 64-బిట్‌దో, ఏది కాదో ‘ఎల్ఎస్ సీపీయూ’ ఆజ్ఞతో ముందే తెలిసికొనవలెను. కానిదానికి శాశ్వతముగా ఆశపడుటకంటె, దాని విద్యుత్ పెట్టెను, తీగలను, కీబోర్డును తక్కినవానికి అక్కరకు వచ్చునట్లు చేయుట మేలు.

ఈ కృషి పాఠశాలల స్థాయిలో సాధ్యమా యని శంకించువారికి కేరళ ఉదాహరణము. అచట 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ అను పథకము ఆరంభమైనది. కాలక్రమమున ప్రభుత్వ ఉన్నత పాఠశాలల కంప్యూటరు బోధన లినక్స్‌పైకి మరలినది. దానికి ఆధారము లైసెన్సుల ఖర్చు తగ్గుట ఒక్కటే కాదు. ఉపాధ్యాయులకే స్థాపనలోను, దోషనిర్ణయములోను శిక్షణ ఇచ్చుట. మెకానిక్కు వచ్చువరకు తాళము వేయు గదికిని, ఉపాధ్యాయుడే విప్పి చూపు గదికిని భేదము అచటనే యున్నది.

అట్టి గదికి కావలసినవి ఎక్కువ లేవు. ఒక స్క్రూడ్రైవరు, ఒక మెత్తని బ్రష్షు, లినక్స్ ఎక్కించిన ఒక పెన్‌డ్రైవు, నాలుగు సీఆర్-2032 బ్యాటరీలు, ఒక రూళ్ల నోటుపుస్తకము. వీనిలో చివరిదియే ముఖ్యము. తేదీ, యంత్రపు సంఖ్య, కనబడిన లక్షణము, దినచర్యలో మొదటి తప్పు, చేసిన ఒకే మార్పు, వచ్చిన ఫలము అని ఆరు గడులు గీసి, విద్యార్థులచేతనే తెలుగులో వ్రాయింపవలెను. ఏడాది గడచువేళకు ఆ పుస్తకము ఆ గదికి మాధవ నిదానమగును. క్రొత్తగా వచ్చిన తరగతి దానిని చదివి ముందుకు నడచును. చూచినదానిని చూచినట్లు, వరుస తప్పక, తన మాటలలో చెప్పుట భాషాబోధకుడు కోరునది; అదియే దోషనిర్ణయమునకు మొదటి మెట్టు.

‘ఖరాబయింది’ అని వ్రాయుటకు ఆ పుస్తకములో గడి లేదు.